నాన్నకు కొత్త టీవీ కొనాలి: పాత యాంటెనాతో వచ్చేది ఇంకా దొరుకుతుందా?

హాలియా వాసి
శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మా నాన్నకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఇంట్లో ఉన్న 21 అంగుళాల పాత డబ్బా టీవీలో పది రోజులుగా బొమ్మ పైభాగం మడత పడుతోంది. ఆ మడతలో సన్నని తెల్లగీతలు కనిపిస్తున్నాయి. చూసిన మెకానిక్ పిక్చర్ ట్యూబ్ పోయిందని, ఇక దీని మీద డబ్బు పెట్టవద్దని చెప్పాడు. సరే, కొత్తది కొందామని నిన్న నల్లగొండ వెళ్లాను.

నాన్న పెట్టిన షరతులు రెండే. మన యాంటెనాతో దూరదర్శన్ రావాలి. నెలనెలా ఎవరికీ డబ్బు కట్టే పని ఉండకూడదు.

మొదటి దుకాణంలో "యాంటెనాతో వచ్చే టీవీలు ఇప్పుడు తయారు కావడం లేదు" అన్నారు. రెండో దుకాణంలో "అన్ని టీవీలకూ యాంటెనా ఉంటుంది, మీకు నచ్చింది తీసుకోండి" అన్నారు. రెండూ నిజం కాలేవు కదా. టీవీ వెనకవైపు ఒకసారి చూపించమంటే గోడకు బిగించి ఉంది, తీయడం కుదరదన్నారు. ఉత్త చేతులతో తిరిగి వచ్చాను.

పాత ప్రసారాలు వచ్చే కొత్త టీవీ కొనాలంటే ఏం చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి. 32 లేదా 43 అంగుళాలు అనుకుంటున్నాను.

సూర్యాపేట కుర్రాడు
శనివారం రాత్రి 9:24

అన్నా, యాంటెనా గురించి ఆలోచించకండి. మంచి స్మార్ట్ టీవీ తీసుకుని ఇంటర్నెట్ పెట్టించండి. దూరదర్శన్ కూడా అందులోనే వస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ కూడా 28 నుంచి 18 శాతానికి తగ్గింది కాబట్టి 43 తీసుకోవడమే మేలు.

హాలియా వాసి
శనివారం రాత్రి 9:41

తమ్ముడూ, పన్ను సంగతి చెప్పినందుకు సంతోషం. కానీ ఇంటర్నెట్ అంటే మళ్లీ నెలనెలా డబ్బే. పైగా మా ఇల్లు ఊరి చివర, కాలువ అవతల. ఫోన్ మాట్లాడాలన్నా అరుగు మీదికి రావాలి. నాన్న చూసేది వార్తలు, వ్యవసాయ కార్యక్రమాలు, పాత పాటలు. వాటికోసం ఆయన కొత్తగా నేర్చుకోవలసింది ఏదీ లేకుండా చూడాలన్నది నా కోరిక.

రిలే కేంద్రం విశ్రాంత ఉద్యోగి
శనివారం రాత్రి 10:15

ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత నా మీద ఉందనిపించి రాస్తున్నాను. ఇరవై ఆరేళ్లు దూరదర్శన్ రిలే కేంద్రాల్లో పనిచేశాను. మాది వంద వాట్ల చిన్న ట్రాన్స్‌మిటర్. ఉపగ్రహం నుంచి దిగే కార్యక్రమాన్ని పెద్ద డిష్‌తో అందుకుని, టవర్ మీదినుంచి చుట్టుపక్కల ఊళ్లకు పంపేవాళ్లం. పదిహేను, ఇరవై కిలోమీటర్ల వరకు బొమ్మ శుభ్రంగా ఉండేది. ఆ పైన ఉన్న ఊళ్లవాళ్లు ఇనుప గొట్టం మీద గొట్టం అతికించి, బూస్టర్ పెట్టుకుని చూసేవారు. మీ నాన్నగారి యాంటెనా ఆ కాలానిదే అయి ఉంటుంది.

అది అనలాగ్ అనే పాత పద్ధతి ప్రసారం. ప్యాల్ పద్ధతి, 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. 1982లో ఆసియా క్రీడల నాడు రంగులు వచ్చినప్పుడు కూడా నలుపు తెలుపు టీవీ ఉన్న ఇల్లు కొత్తది కొనవలసిన అవసరం రాలేదు. అదే ప్రసారం ఆ టీవీలో నలుపు తెలుపుగా, కొత్త టీవీలో రంగుల్లో కనిపించేది. పాతవాళ్లను వదిలిపెట్టకుండా కొత్తదాన్ని తెచ్చిన ఆ పద్ధతి అంటే నాకు ఇప్పటికీ గౌరవం.

ఇప్పుడు అసలు విషయం. 2022 మార్చి ఆఖరుకల్లా దేశంలోని ఈ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దాదాపు అన్నింటినీ ఆపేశారు. కీలకమైన చోట్ల సుమారు యాభై మాత్రం ఉంచారు. మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇంటి మీద యాంటెనా ఎంత ఎత్తున నిలబెట్టినా అందుకోవడానికి పైన ఏమీ లేదు. టీవీలో అనలాగ్ ట్యూనర్, అంటే ఆ ప్రసారాన్ని పట్టే భాగం, ఉన్నా చుక్కలే కనిపిస్తాయి.

డిజిటల్ పద్ధతిలో యాంటెనా ప్రసారం కూడా ఉంది, దాన్ని డీవీబీ-టీ2 అంటారు. 2016 ఫిబ్రవరిలో 16 నగరాల్లో మొదలుపెట్టారు. ఆ పదహారులో హైదరాబాద్ లేదు. కాబట్టి టీవీ అట్ట మీద టీ2 అని రాసి ఉందని మురిసిపోయి కొనకండి, మన దగ్గర దానితో పని లేదు.

మా ట్రాన్స్‌మిటర్‌ను ఆపిన రోజు నేను అక్కడే ఉన్నాను. బొమ్మ పోవడం కన్నా, ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన ఫ్యాన్ ఆగి, గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోవడమే నాకు ఎక్కువ గుర్తు. నాన్నగారికి ఈ సంగతి మెల్లగా చెప్పండి.

హాలియా వాసి
శనివారం రాత్రి 10:32

సార్, చాలా వివరంగా రాశారు, ధన్యవాదాలు. కానీ నాకు ఒకటి అర్థం కావడం లేదు. మా టీవీలో పది రోజుల క్రితం వరకు దూరదర్శన్ యాదగిరి వచ్చింది. మడత పడిన బొమ్మతో నిన్న కూడా వచ్చింది. 2022లోనే అన్నీ ఆపేస్తే మాకు ఎక్కడి నుంచి వస్తున్నట్టు?

పాలమూరు మెకానిక్
శనివారం రాత్రి 11:05

తమ్ముడూ, రేపు పొద్దున్నే మిద్దె ఎక్కు. టీవీ ఏది కొనాలన్నది తరువాత. నీ టీవీలోకి ఏ తీగ వస్తోందో ముందు చూడు.

బల్లపరుపుగా, రెండు అంచుల్లో రెండు తీగలు, మధ్యలో ప్లాస్టిక్ పట్టీ ఉంటే అది పాత యాంటెనా తీగ. మూడు వందల ఓమ్‌లది. అది నేరుగా టీవీకి అతకదు, మధ్యలో వేలెడంత మ్యాచింగ్ ముక్క ఉంటుంది. గుండ్రంగా నల్లగానో తెల్లగానో ఉండి, కోస్తే నడుమ ఒక రాగి తీగ, చుట్టూ జల్లెడలాంటి అల్లిక కనిపిస్తే అది డిష్ నుంచో కేబుల్ నుంచో వచ్చేది. ఆ తీగ టీవీలోకే పోతోందా, మధ్యలో పెట్టె ఉందా? పెట్టె ఉంటే దాని నుంచి టీవీకి ఏది పోతోంది? పసుపు, తెలుపు, ఎరుపు మూడు పిన్నులా, లేక మళ్లీ ఒక గుండ్రటి తీగా? ఇవన్నీ చూసి రాస్తే ఏ టీవీ కొనాలో నేను చెబుతాను.

ఇంకొక మాట. పైన మడత, అందులో తెల్లగీతలు అన్నావు. అది పిక్చర్ ట్యూబ్ పోయిన లక్షణం కాదు. బొమ్మను పైకీ కిందికీ నడిపే వర్టికల్ విభాగంలో కెపాసిటర్ ఎండిపోతే అట్లాగే అవుతుంది, లేదంటే ఐసీ. ట్యూబ్ పోతే రంగులు మసకబారి, ముఖాలు మట్టి రంగుకు వస్తాయి. మరో మెకానిక్‌కు చూపించు. నువ్వు మాత్రం వెనక మూత విప్పవద్దు. స్విచ్ ఆపినా ట్యూబ్‌లో వేల వోల్టుల కరెంటు నిలిచి ఉంటుంది.

అచ్చంపేట అక్క
ఆదివారం ఉదయం 6:50

మెకానిక్ అన్న చెప్పిందే సరైన మాట. నేను తీగ చూడకుండా కొని ఇబ్బంది పడ్డాను. అమ్మ కోసం నిరుడు కొత్త టీవీ తెచ్చాను. మా ఉచిత డిష్ పెట్టెకు మూడు రంగుల పిన్నులు ఉన్నాయి. కొత్త టీవీలో ఆ రంధ్రాలే లేవు. వెనక హెడ్‌ఫోన్ రంధ్రం లాంటిది ఒకటి ఉంది, దాని పక్కన ఏవీ (AV) అని రాసి ఉంది. దానికి వేరే తీగ కావాలట, అది టీవీతో రాలేదు. అచ్చంపేటలో మూడు దుకాణాలు తిరిగితే దొరికింది. పెడితే మాట వచ్చింది కానీ బొమ్మ రాలేదు. అమ్మ రెండు రోజులు టీవీ ముందు కూర్చుని మాటలు మాత్రమే విన్నది. తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పాలమూరు మెకానిక్
ఆదివారం ఉదయం 7:15

అక్కా, ఆ చిన్న పిన్ను మీద మూడు నల్ల గీతలు ఉంటాయి. అవి పిన్నును నాలుగు ముక్కలు చేస్తాయి. ఏ ముక్కలో బొమ్మ, ఏ ముక్కలో మాట అన్నది ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క రకంగా పెట్టింది. అందుకే బయట కొన్న తీగతో ఇట్లా అవుతుంది. చాలాసార్లు పసుపు పిన్ను ఉన్నచోట ఎరుపు, ఎరుపు ఉన్నచోట పసుపు మార్చి పెడితే బొమ్మ వస్తుంది. అప్పటికీ రాకపోతే ఆ టీవీకి సరిపోయే తీగే కావాలి. మార్చి చూడడం వల్ల టీవీ పాడు కాదు, భయపడవద్దు.

అచ్చంపేట అక్క
ఆదివారం ఉదయం 7:20

సరిగ్గా అదే చేశాను అన్నా, ఎరుపు తీసి పసుపు పెడితే వచ్చింది. చివరికి అది చెప్పింది మా ఇంటి ఎదురుగా ఉన్న తొమ్మిదో తరగతి పిల్లవాడు.

హాలియా వాసి
ఆదివారం ఉదయం 9:30

మిద్దె ఎక్కి దిగాను. చూసినది చూసినట్టు రాస్తున్నాను.

యాంటెనా ఉంది. రెండు ఇనుప గొట్టాలు ఒకదానిలో ఒకటి దూర్చి, మూడు వైపులా జీఐ తీగ లాగి కట్టి ఉంది. అల్యూమినియం కడ్డీలు ఐదు ఉండాలి, నాలుగే ఉన్నాయి. ఒకటి సగానికి వంగి ఉంది. బల్లపరుపు తీగ ఎండకు పెళుసెక్కి, చేత్తో పట్టుకుంటే ప్లాస్టిక్ పొట్టులా రాలింది. ఆ తీగ వెంబడి కిందికి వచ్చాను. కిటికీ సందులోంచి లోపలికి వచ్చి, చెక్క బీరువా వెనక మెకానిక్ అన్న చెప్పిన మ్యాచింగ్ ముక్కతో సహా మేకుకు వేలాడుతోంది. టీవీకి అసలు పెట్టి లేదు. దాని మీద సాలెగూడు ఉంది.

మిద్దె మీద పిట్టగోడకు ఒక చిన్న డిష్ బిగించి ఉంది. గుండ్రటి నల్ల తీగ దాని నుంచి వచ్చి, టీవీ కింద అరలో గుడ్డ కప్పిన పెట్టెలోకి పోతోంది. పెట్టె నుంచి టీవీకి పసుపు, తెలుపు పిన్నులు.

నాన్నను అడిగాను. "అవును, ఆ యాంటెనానే" అని డిష్ వైపు చూపించారు. నేను హైదరాబాద్‌లో పనిచేస్తున్న రోజుల్లో పాత యాంటెనాలో బొమ్మ రావడం మానేస్తే మా బాబాయి వచ్చి ఉచిత డిష్ బిగించి వెళ్లాడట. నెల డబ్బు లేదు కాబట్టి నాన్న దృష్టిలో అదీ యాంటెనానే. నేను రెండు దుకాణాల్లో అడిగింది ఒకటి, మా ఇంట్లో ఉన్నది మరొకటి.

రిలే కేంద్రం విశ్రాంత ఉద్యోగి
ఆదివారం ఉదయం 10:02

నాన్నగారి మాటే నిజం. డిష్ కూడా యాంటెనానే. మీకు వస్తున్నది దూరదర్శన్ వారి డీడీ ఫ్రీ డిష్. 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. ఇప్పుడు 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి వస్తోంది. మన నల్లగొండలో నిలబడి చూస్తే అది ఆగ్నేయాన, ఆకాశంలో దాదాపు 64 డిగ్రీల ఎత్తున ఉంటుంది. డిష్ మాత్రం అంత పైకి చూస్తున్నట్టు కనిపించదు. డిష్ ముందు సంకేతాన్ని పట్టే ఎల్‌ఎన్‌బీ అనే ముక్క పక్కకు ఉండే ఆకారం కాబట్టి కొంచెం నిలువుగా ఉన్నట్టే ఉంటుంది. ఆ కోణం చూసి పొరపడి ఎవరూ దాన్ని కదిలించవద్దు. ఆ మూలన వేపచెట్టు పెరిగితే కొమ్మ కొట్టించండి చాలు.

దేవరకొండ పంతులు
ఆదివారం ఉదయం 11:20

ఇప్పుడు ప్రశ్న తేలికైంది. ఉపగ్రహ ట్యూనర్ లోపలే ఉన్న టీవీ తీసుకోండి. అట్ట మీద డీవీబీ-ఎస్2 అని ఉంటుంది. డిష్ తీగ నేరుగా టీవీకే బిగించవచ్చు, పెట్టె అక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, రిమోట్ ఒక్కటే ఉంటుంది. ఇట్లాంటి టీవీలకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 18112:2022 అనే ప్రమాణం కూడా తెచ్చింది. మా ఇంట్లో రెండేళ్లుగా ఇట్లాగే చూస్తున్నాం. మా అమ్మకు రెండు రిమోట్‌లు చేతికిస్తే టీవీది నొక్కవలసినచోట పెట్టెది నొక్కేది. ఆ బాధ పోయింది.

పాలమూరు మెకానిక్
ఆదివారం మధ్యాహ్నం 12:10

సార్ మాట కాదనడం లేదు, కానీ నా అనుభవం వేరు. డిష్ మీద ఉన్న ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటు తీగలోంచే పోతుంది. పెట్టె ఉంటే పెట్టె ఇస్తుంది, లేకపోతే టీవీ ఇవ్వాలి. వానకు తీగలో నీళ్లు దిగి షార్ట్ అయినా, పక్కన పిడుగు పడినా దెబ్బ తగిలేది ముందు ఆ భాగానికే. పెట్టె పోతే పెట్టె ఒక్కటే మార్చుకుంటాం. టీవీ లోపలి ట్యూనర్ పోతే బోర్డు మొత్తం మార్చాలి, అది కొత్త టీవీ ధరలో సగానికి వస్తుంది. వానాకాలంలో నా బల్ల మీదికి వచ్చేవి ఎక్కువగా ఇవే.

ఇంకో సంగతి. డీవీబీ-ఎస్2 అని ఉన్నా, వెనక రంధ్రం చూడు. మరలు ఉండి, పిన్నును తిప్పి బిగించేది డిష్‌కు. నున్నగా ఉండి, నొక్కితే దిగేది పాత యాంటెనాకూ కేబుల్‌కూ. డిష్ తీగను నున్నటి దాంట్లో బలవంతంగా దూర్చి, బొమ్మ రాలేదని నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు.

దేవరకొండ పంతులు
ఆదివారం మధ్యాహ్నం 12:40

పిడుగు మాట ఒప్పుకుంటాను. ఉరుము వినగానే మేము తీగ విప్పేస్తాం. కానీ డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి రోజూ రెండు రిమోట్‌లతో కష్టమా, ఏడాదికి ఒకసారి వచ్చే పిడుగు కష్టమా అన్నది కూడా చూడాలి. ఆయనకు చూపు ఎట్లా ఉందో, వేళ్లు వణుకుతాయో లేదో కొడుకుకే తెలుస్తుంది.

కల్వకుర్తి లాడ్జి
ఆదివారం మధ్యాహ్నం 2:05

పాత అనలాగ్ ట్యూనర్‌తో ఇప్పటికీ పని ఉన్నవాళ్లు కొందరు ఉన్నారు, వాళ్లలో నేను ఒకడిని. మా లాడ్జిలో పన్నెండు గదులు. మెట్ల కింద అరలో ఆరు ఫ్రీ డిష్ పెట్టెలు, ఆరు మాడ్యులేటర్లు ఉన్నాయి. ఒక్కొక్క మాడ్యులేటర్ ఒక్కొక్క పెట్టె బొమ్మను పాత టీవీ చానల్‌గా మారుస్తుంది. ఆరింటినీ కలిపి ఒకే తీగ మీద అన్ని గదులకూ పంపుతాం. గదిలో పెట్టె అవసరం లేదు, టీవీ రిమోట్‌లో ఒకటి నుంచి ఆరు వరకు నొక్కితే చాలు.

ఈ మధ్య రెండు గదులకు కొత్త టీవీలు తెచ్చాను. ఒకదాంట్లో చానళ్లు వెదికితే ఒక్కటీ దొరకలేదు. తిరిగి ఇచ్చేద్దామని అట్టపెట్టెలో కూడా పెట్టాను. అప్పుడు మా పిల్లవాడు సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే అది డిజిటల్ మాత్రమే వెదుకుతోంది. దేశం భారత్ అని పెట్టి, అనలాగ్ అని ఎంచుకుని మళ్లీ వెదికిస్తే ఆరూ వచ్చాయి. రెండో టీవీలో అనలాగ్ అన్న మాటే కనిపించలేదు. ఆ గదికి విడిగా ఒక పెట్టె పెట్టవలసి వచ్చింది. రెండూ ఒకే దుకాణంలో, ఒకే రోజు, దాదాపు ఒకే ధరకు కొన్నవి. కాబట్టి దుకాణంవాళ్లు చెప్పిన రెండు మాటలూ సగం సగం నిజమే. కొన్నింటిలో ఉంది, కొన్నింటిలో లేదు.

రిలే కేంద్రం విశ్రాంత ఉద్యోగి
ఆదివారం మధ్యాహ్నం 2:30

లాడ్జి వారు చెప్పింది చాలా విలువైన విషయం. అంటే మీ మెట్ల కింద ఒక చిన్న రిలే కేంద్రం నడుస్తోంది. చదివి చాలా సంతోషించాను.

సూర్యాపేట కుర్రాడు
ఆదివారం సాయంత్రం 4:15

ఒక సందేహం. కేబుల్ తీగను నేరుగా టీవీకి పెట్టి చూసే రోజులు మళ్లీ రావా? మా చిన్నప్పుడు పెట్టె లేకుండానే అన్నీ వచ్చేవి.

పాలమూరు మెకానిక్
ఆదివారం సాయంత్రం 4:40

రావు తమ్ముడూ. కేబుల్‌ను దేశమంతటా విడతల వారీగా డిజిటల్ చేశారు, చివరి విడత గడువు 2017 మార్చి 31తో ముగిసింది. టీవీలో డిజిటల్ కేబుల్ ట్యూనర్ ఉన్నా, కేబుల్ చానళ్లకు తాళం వేసి ఉంటుంది. ఆ తాళం చెవి వాళ్ల పెట్టెలోనే ఉంటుంది.

వనపర్తి నుంచి
ఆదివారం రాత్రి 8:00

చర్చ మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా అక్క పెళ్లి క్యాసెట్ ఉంది. వీసీఆర్ కూడా పనిచేస్తుంది. మా అమ్మ మాట్లాడుతూ కనిపించేది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. కొత్త టీవీలో అది చూడవచ్చా? హెచ్‌డీఎంఐ మాత్రమే ఉన్న టీవీ మాది.

పాలమూరు మెకానిక్
ఆదివారం రాత్రి 8:25

చూడవచ్చు. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే అరచేతిలో పట్టే పెట్టె దొరుకుతుంది. అడిగేటప్పుడు ఏ వైపు నుంచి ఏ వైపుకో స్పష్టంగా చెప్పు, తిరగేసి పనిచేసేది కూడా అచ్చం అట్లాగే ఉంటుంది.

కానీ చూసే ముందు ఒక మాట. వీసీఆర్‌లు తయారుచేసే చివరి కంపెనీ కూడా 2016లో ఆపేసింది. నీ దగ్గర ఉన్నది పాడైతే మళ్లీ దొరకడం కష్టం. క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట మీద తెల్లటి బూజు ఉందేమో చూడు. ఉంటే వీసీఆర్‌లో పెట్టవద్దు, హెడ్‌కు అంటుకుని టేపు తెగుతుంది. బూజు లేకపోతే ముందు వేరే పనికిరాని క్యాసెట్ పెట్టి వీసీఆర్ టేపును నమలడం లేదని చూసుకో. ఆ తరువాత అమ్మగారి క్యాసెట్ పెట్టు. పెట్టిన మొదటిసారే కంప్యూటర్‌లోకి ఎక్కించేలా ఏర్పాటు చేసుకుని పెట్టు.

వనపర్తి నుంచి
ఆదివారం రాత్రి 8:31

అంచు దగ్గర తెల్లగా ఏదో ఉంది. పెట్టను. పాలమూరు తీసుకువస్తే చూస్తారా అన్నా?

పాలమూరు మెకానిక్
ఆదివారం రాత్రి 8:34

తీసుకురా. ఎండలో పెట్టకు, బస్సులో ఇంజిన్ పక్కన కూర్చోకు.

అచ్చంపేట అక్క
ఆదివారం రాత్రి 9:05

హాలియా అన్నా, కొనేముందు ఇది తప్పకుండా అడగండి. స్విచ్ వేయగానే ఆ టీవీ ఏం చూపిస్తుంది? మా టీవీ వేయగానే సినిమాల బొమ్మలు వరుసగా వస్తాయి. అందులోంచి ఏవీకి వెళ్లాలంటే నాలుగుసార్లు నొక్కాలి. అమ్మ ఆ బొమ్మల దగ్గరే ఆగిపోయేది. కొన్ని టీవీల్లో చివరగా చూసిన చోటే తెరుచుకునేలా పెట్టుకునే వీలు ఉంటుంది. మాదాంట్లో ఆ వీలు ఉందని నాకు ఆరు నెలల తరువాత తెలిసింది.

హాలియా వాసి
మంగళవారం రాత్రి 9:40

ఈరోజు టీవీ కొన్నాను. మీ అందరి మాటలు కాగితం మీద రాసుకుని, మా పెట్టెను, రిమోట్‌ను, తీగలను సంచిలో వేసుకుని నాన్నను కూడా వెంటపెట్టుకుని నల్లగొండ వెళ్లాను. క్లాక్ టవర్ దగ్గర మూడు దుకాణాలు తిరిగాం. మొదటి రెండింటిలో టీవీ వెనక చూపించడానికి ఒప్పుకోలేదు, వచ్చేశాం. మూడో దుకాణంలో పెద్దాయన విసుక్కోకుండా, అట్టపెట్టె విప్పి బల్ల మీద పెట్టి చూపించారు.

43 అంగుళాల దాంట్లో మొదట మా పెట్టె పెట్టి చూశాం. డిష్ లేదు కాబట్టి చానళ్లు రాలేదు, పెట్టె మెనూ మాత్రం కనిపించింది. ఆ అక్షరాల అంచులు అలికినట్టు ఉన్నాయి. 32 అంగుళాల దాంట్లో అవే అక్షరాలు నిక్కచ్చిగా కనిపించాయి. పాత 625 గీతల బొమ్మను ఎంత పెద్ద తెర మీద సాగదీస్తే అంత పలచబడుతుందని పెద్దాయన చెప్పారు. 32 ఖాయం చేశాం. మూడు రంగుల రంధ్రాలు నేరుగా ఉన్నాయి, నున్నటి యాంటెనా రంధ్రం ఉంది, మరల రంధ్రం కూడా ఉంది. చానళ్లు వెదికే చోట అనలాగ్ అన్న మాట ఉంది. చివరగా చూసిన చోటే తెరుచుకునే వీలు ఉందో లేదో అక్కడే పెట్టి, ఆపి, మళ్లీ వేసి చూశాం. ఉంది.

పెట్టె ఉంచాలా, డిష్ తీగ నేరుగా పెట్టాలా అన్నది నాన్ననే అడిగాను. ఆయన రెండు రిమోట్‌లనూ చేతిలోకి తీసుకుని తడిమి చూశారు. పెట్టె రిమోట్‌లో అంకెలు అరిగిపోయి ఉన్నా ఆయన వేళ్లకు అలవాటు. "ఇదే ఉండనీ" అన్నారు. పంతులు గారూ, మీ సలహా మరల రంధ్రం రూపంలో ఇంట్లోనే ఉంది. పెట్టె పోయిన రోజు పనికివస్తుంది.

ఇంటికి వచ్చి పెట్టగానే యాదగిరి వచ్చింది. అయితే వార్తలు చదివే అమ్మాయి ముఖం వెడల్పుగా ఉందని నాన్నకు నచ్చలేదు. పాత టీవీ నలుచదరంగా ఉండేది కదా. బొమ్మ ఆకారం 4:3కి మారిస్తే పక్కలకు నల్లటి పట్టీలు వచ్చి ముఖం మామూలుగా అయింది. తెరలో కొంత భాగం వృథా కదా అన్నాను. "మనిషి మనిషిలా ఉండాలి" అన్నారు.

పాత టీవీని వేరే మెకానిక్‌కు చూపించాను. పాలమూరు అన్న చెప్పినట్టు వర్టికల్ కెపాసిటరే. మార్చాడు. బొమ్మ నిండుగా వస్తోంది. వెనక గదిలో పెట్టాం.

పాలమూరు మెకానిక్
మంగళవారం రాత్రి 10:00

సంతోషం తమ్ముడూ. మీ పెట్టె ఎంపెగ్-2దా, ఎంపెగ్-4దా చూశావా? బొమ్మను కుదించి పంపే పద్ధతులు అవి, రెండోది కొత్తది. ఫ్రీ డిష్‌లో కొన్ని చానళ్లు ఎంపెగ్-4లోనే వస్తాయి, పాత పెట్టెలో అవి కనిపించవు. నాన్నకు కావలసినవి వస్తున్నంత కాలం మార్చే పని లేదు. ఎప్పుడైనా ఒక చానల్ ఉన్నట్టుండి మాయమైతే ముందు పెట్టె సంగతి చూడు, కంగారుపడి డిష్ కదిలించవద్దు.

మిద్దె మీద డిష్ దగ్గర తీగ బిగించిన చోట టేపు చుట్టి ఉందా? ఎల్‌ఎన్‌బీకి దిగువన తీగను ఒక వంపు తిప్పి వదలాలి, నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి.

రిలే కేంద్రం విశ్రాంత ఉద్యోగి
మంగళవారం రాత్రి 10:20

ఆ పాత యాంటెనా ఇనుప గొట్టాన్ని కూడా చూడండి. పట్టే సంకేతం లేకపోయినా ఇంట్లో అన్నిటికన్నా ఎత్తైన ఇనుము అదే. తుప్పు పట్టిన జీఐ తీగ గాలివానకు తెగితే గొట్టం కరెంటు తీగల మీద పడుతుంది. దింపేయడం మంచిది. నలుగురు మనుషులు, పొడి నేల, కరెంటు ఆపించిన తరువాతే.

హాలియా వాసి
బుధవారం ఉదయం 8:15

తీగకు టేపు లేదు అన్నా. ఈ పొద్దున ఎక్కి చుట్టాను, వంపు కూడా తిప్పాను. సార్, గొట్టం దింపడానికి ఆదివారం మా బాబాయి, మరో ఇద్దరు వస్తున్నారు. కడ్డీలను పారేయవద్దన్నారు నాన్న. పందిరికి సొరతీగ పాకించడానికి కావాలట.